డంపింగ్ యార్డుకు పంపకుండా ఇంటి చెత్తను వదిలించుకోవడం ఎలా?

హైదరాబాదు ఈశాన్యపు అంచున జవహర్‌నగర్‌లో ఉన్న చెత్త గుట్టను ఒక్కసారి దగ్గరగా చూసినవారు తమ వంటింటి చెత్తబుట్టను ఆ తరువాత మునుపటిలా చూడలేరు. నగరంలోని లక్షల ఇళ్ళ నుంచి ఏళ్ళ తరబడి వచ్చి పడిన చెత్త అక్కడ కొండలా పేరుకుపోయింది. దాని నుంచి ఊరిన నల్లటి మురుగు పక్కనున్న మల్కారం చెరువును పాడు చేసింది. చుట్టుపక్కల కాలనీల వారు ఆ వాసనతోనే నిద్ర లేస్తున్నారు. ఆ మురుగుకైనా, వాసనకైనా మూలం చాలావరకు మన వంటింటి నుంచి వెళ్ళిన తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలు గుట్ట అడుగున గాలి ఆడకుండా కుళ్ళినప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిమిని పట్టి ఉంచుతుంది. అందువల్ల డంపింగ్ యార్డుకు ప్రత్యామ్నాయం వెతికేవారు మొదట వంటింటి గట్టు దగ్గర వెతకాలని నా నమ్మకం. తడి చెత్తను విడిగా తీసేస్తే మిగిలిన వస్తువుల్లో చాలావాటికి కొనేవారో, తీసుకెళ్ళేవారో తప్పక దొరుకుతారు.

పని మొదలుపెట్టే ముందు ఒక వారం రోజులు మీ ఇంటి చెత్తను తూచి చూడండి. తడిది ఒక సంచిలో, పొడిది మరొక సంచిలో వేసి, రాత్రిపూట చిన్న కాటాకు తగిలించి బరువు రాసుకుంటే చాలు. మన దేశపు ఇళ్ళలో సాధారణంగా సగం బరువు తడి చెత్తదే ఉంటుంది. రోజూ వంట చేసుకునే తెలుగు ఇళ్ళలో అది ఇంకా ఎక్కువగా తేలడం నేను చూశాను. ఈ లెక్క చేతిలో ఉంటే తడి చెత్తను ఎరువు చేయడానికి ఎంత పెద్ద కుండ కావాలో, ఎన్ని కుండలు కావాలో ఊహించుకోనక్కరలేదు.

తరువాతి పని బుట్టలు వేరు చేయడం. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట అనే అలవాటు మన ఊళ్ళలో ఇప్పటికే ఉంది. వీటికి తోడు శానిటరీ ప్యాడ్లు, మందులు, బ్యాటరీల వంటి వాటికి మూత ఉన్న చిన్న డబ్బాను వేరుగా పెట్టుకోవాలి. ఇంట్లోనే చెత్తను ఇలా వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. తడి బుట్టలో ప్లాస్టిక్ కవరు పరచకుండా, అడుగున పాత వార్తాపత్రిక మడిచి వేయండి. కవరులో కట్టి ఇచ్చిన తడి చెత్తను ఎరువు చేయాలంటే ఎవరో ఒకరు ఆ కవరును చేత్తో చింపాలి. ఆ చేతులు సాధారణంగా చేతి తొడుగులు కూడా లేని ఒక పారిశుద్ధ్య కార్మికురాలివి అయి ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయమైన ఎరువు తయారీకి వద్దాం. పల్లెల్లో పెరటి మూలన పెంటదిబ్బ చేసే పనినే మనం బాల్కనీలో రెండు కుండలతో చేయబోతున్నాం. ఇరవై, పాతిక లీటర్ల మట్టికుండలు గానీ పాత ప్లాస్టిక్ బకెట్లు గానీ రెండు తీసుకుని, అడుగునా చుట్టూరా వేలు పట్టేంత రంధ్రాలు చేసి, కింద ఒక పళ్ళెం పెట్టండి. అడుగున నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పీచు గానీ ఎండుటాకులు గానీ పరచండి. ఆ పైన రోజువారీ తొక్కలను చిన్న ముక్కలుగా తరిగి వేసి, వేసిన ప్రతిసారీ అంతే పరిమాణంలో ఎండుటాకులో రంపపు పొట్టో కప్పండి. తడి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండు పదార్థంలో కర్బనం ఎక్కువ. ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. చాలామంది ఎండుటాకులు వేయడం మరిచిపోయి, వాసన వస్తోందని నెల తిరగకుండానే కుండను బయట పెట్టేస్తారు. నా మొదటి కుండ కూడా ఇలాగే పాడైంది. అందుకే కొబ్బరి పీచును గానీ ఎండుటాకులను గానీ ఒక గోనెసంచి నిండా ముందే సమకూర్చుకున్న తరువాతే కుండ మొదలుపెట్టమని అడిగినవారందరికీ చెబుతుంటాను. గుళ్ళోనో ఇంట్లోనో కొట్టిన కొబ్బరికాయల పీచును పారేయకుండా విడదీసి ఎండబెట్టుకుంటే, అంగడిలో కొనవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

కుళ్ళడం త్వరగా మొదలవడానికి ఒక గరిటెడు పుల్లటి మజ్జిగనో, పేడ కలిపిన నీళ్ళనో, పొరుగువారి పాత ఎరువునో చల్లండి. పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతాన్ని ఇంట్లో చేసుకునేవారు అదే చల్లవచ్చు. మూడు నాలుగు రోజులకు ఒకసారి కర్రతో అడుగు దాకా కలియదిప్పాలి. తేమ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుప్పెడు తీసి పిండి చూడండి. వేళ్ళ సందుల్లో చెమ్మ కనిపించాలి కానీ నీరు ధారగా కారకూడదు. కుళ్ళు వాసన వస్తే నీరు ఎక్కువైందని, లోపలికి గాలి అందడం లేదని అర్థం చేసుకుని ఎండుటాకులు కలిపి తిరగదిప్పాలి. చీమలు పడితే ఎండిపోయిందని తెలుసుకుని కొద్దిగా నీళ్ళు చల్లాలి. మే నెల ఎండల్లో కుండ రెండు రోజులకే ఎండిపోతుంది, ఆషాఢ, శ్రావణ మాసాల్లో మాత్రం చెమ్మ ఎక్కువై నీరు కారుతుంది. అందువల్ల కాలాన్ని బట్టి నీళ్ళను, ఎండు పదార్థాన్ని మార్చుకుంటూ ఉండాలి. బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు కనిపిస్తే భయపడవలసిన పనిలేదు. అవి చాలావరకు చెత్తను తినే ఒక రకం ఈగ పిల్లలు, కుండకు మేలే చేస్తాయి. ఒక కుండ నిండాక దాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని మొదలుపెడితే, అది నిండే సరికి మొదటిది రెండు నెలల్లో, ఎండ బాగా ఉంటే ఇంకా ముందే, తొలకరి మట్టి వాసన వేసే నల్లటి ఎరువుగా మారుతుంది.

మాంసం, ఎముకలు, నూనె కారే కూరలు, మొదట్లో చల్లే గరిటెడు మజ్జిగ తప్ప మిగతా పాల పదార్థాలు ఈ కుండల్లో వేయకూడదు, ఎందుకంటే వాటికి ఎలుకలు, కుక్కలు చేరతాయి. ఆదివారం మాంసం తరువాత మిగిలిన ఎముకలను పెరడు ఉన్నవారు ఒకటిన్నర అడుగుల లోతు గుంతలో వేసి మట్టి కప్పవచ్చు. పెరడు లేనివారు వాటిని మున్సిపాలిటీ తడి బుట్టలోనే ఇవ్వాలి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు కుళ్ళడానికి ఏళ్ళు పడుతుంది కనుక వాటిని పక్కన పెట్టుకుని, మొక్కల కుండీల అడుగున నీరు ఇంకే పొరగా వాడుకోండి. బత్తాయి, నిమ్మ తొక్కలు ఎక్కువగా ఉంటే, ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్ళు కలిపి ప్లాస్టిక్ సీసాలో మూడు నెలలు నిలవ ఉంచితే గచ్చు, బాత్రూములు కడుక్కోవడానికి పనికివచ్చే ద్రవం తయారవుతుంది. మొదటి నెలంతా రోజూ ఒకసారి మూత వదులు చేసి లోపలి గాలిని వదలాలి. గాజు సీసా అయితే పగిలే ప్రమాదం ఉంది.

అపార్టుమెంట్లలో ఒక్కో ఫ్లాటుకు రెండు కుండల కన్నా, అందరికీ కలిపి ఇటుకలతో కట్టిన రెండు తొట్లు, పక్కన ఎండుటాకులకు ఇనుప వల బుట్ట ఒకటి ఉంటే పని తేలికవుతుంది. పనిచేసే మనిషికి నెలజీతం ఇచ్చి, వచ్చిన ఎరువును పంచుకోవాలని సంఘం సమావేశంలో ముందే తీర్మానించుకోవాలి. ఇంకా పెద్ద స్థాయిలో తడి చెత్త ఏమవగలదో చూడాలంటే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళండి. అక్కడ రోజూ సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన విధానంతో బయోగ్యాస్ తీసి, దాదాపు 500 యూనిట్ల కరెంటు పుట్టించే ప్లాంటు ఉంది.

తడి పోగా మిగిలిన పొడి చెత్తను మొదట కడిగి, తరువాత ఆరబెట్టాలి. వార్తాపత్రికలు, అట్టపెట్టెలు, ఇనుము, అల్యూమినియం, గాజు సీసాలు పాత సామాన్లు కొనే దుకాణంలో బరువు చొప్పున అమ్ముడుపోతాయి. ప్లాస్టిక్ వస్తువు అడుగున బాణాల త్రిభుజంలో ఉండే అంకె చూడండి. 1, 2, 4, 5 అంకెలున్నవి సాధారణంగా మళ్ళీ వాడకానికి వెళ్తాయి. పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా విడదీయకుండా వదిలితే ఆ చిన్న ముక్క మట్టిలోకి పోకుండా మిగతా దానితో పాటే ఉంటుంది. ఆ ప్యాకెట్లను కడిగి ఆరబెట్టి పోగుచేస్తే కిలోల లెక్కన కొంటారు. బిస్కెట్, చిప్స్ ప్యాకెట్ల లాంటి, పలు పొరలున్న కవర్లను మాత్రం దుకాణదారు తీసుకోడు. వాటిని శుభ్రంగా, పొడిగా విడిగా ఇస్తే సిమెంటు బట్టీల్లో బొగ్గుకు బదులుగా మండించే అవకాశం ఉంది. కానీ ఇంటి దగ్గర, వీధి చివర మంట పెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కానే కాదు. చిన్న మంటలో ప్లాస్టిక్ సరిగా కాలక, డయాక్సిన్ల వంటి విషవాయువులు మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే చేరతాయి.

చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లు జవహర్‌నగర్‌లో, విశాఖపట్నం కాపులుప్పాడలో, గుంటూరు దగ్గర ఉన్నాయి. అయినా తడిచి ముద్దయిన చెత్త మండదు, దాని శక్తి తనలోని నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. అందువల్ల ఆ ప్లాంట్లు ఉన్నాయి కదా అని వేరు చేయడం మానుకోకూడదు.

పాత బట్టలకు మన ఇళ్ళలో దారులు ఎప్పటినుంచో ఉన్నాయి. చీరలు, పంచెలు బొంతలయ్యేవి, స్టీలు గిన్నెలవాళ్ళు వీధిలోకి వస్తే పాత బట్టలు ఇచ్చి గిన్నె తీసుకునేవాళ్ళం. ఇల్లు బాగు చేయించుకున్నప్పుడు వచ్చే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు ఖాళీ స్థలంలోనో చెరువు గట్టునో పోయించకండి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడలలోని ప్లాంట్లు వాటిని పొడిచేసి మళ్ళీ కట్టడాలకు పనికివచ్చేలా చేస్తున్నాయి.

అపాయకరమైన చెత్త విషయంలో తొందర పనికిరాదు. ఫోను, ల్యాప్‌టాప్ బ్యాటరీలు చెత్త ఆటోలో నలిగితే నిప్పు రాజుకుంటుంది. పాత ఎలక్ట్రానిక్ వస్తువులను, బ్యాటరీలను వెనక్కు తీసుకుని శుద్ధి చేయించే బాధ్యతను 2022లో వచ్చిన నిబంధనలు తయారీదారులపై పెట్టాయి కాబట్టి కొత్తవి కొన్న దుకాణంలోనే పాతవి తీసుకోమని అడగండి. పాదరసం ఉండే సీఎఫ్ఎల్ బల్బులను పగలకుండా అట్టలో చుట్టాలి. ఇన్సులిన్ సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, మీరు వెళ్ళే ఆసుపత్రిని అడిగి అక్కడ ఇవ్వండి. గడువు తీరిన మందులను కాలువలో పోయకూడదు. శానిటరీ ప్యాడ్లను, డైపర్లను కాగితంలో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి ఇస్తే తీసుకునేవారు ముందే జాగ్రత్త పడతారు.

రెండు నెలలు గడిచాక మళ్ళీ ఒక వారం తూచి చూడండి. ఊడ్చిన దుమ్ము, పగిలిన పింగాణీ, ఏ దుకాణమూ కొనని కొన్ని వస్తువులు ఆ సంచిలో మిగిలే ఉంటాయి. మా ఇంట్లో వాటిని వారానికి ఒకసారి పెడితే సరిపోతుంది కనుక, చెత్త ఆటో రోజూ వచ్చినా ఆరు రోజులు దానిలో వేయడానికి మా దగ్గర ఏమీ ఉండదు.