భీమిలిలో తుఫాను జాగ్రత్తలు: మీ ఇల్లు ఏ వైపు ఉంది?

అక్టోబరు వచ్చిందంటే బంగాళాఖాతం మీద ఒక కన్ను వేసి ఉంచాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు నేర్చుకున్నది ఎవరూ మరచిపోకూడదనే ఇది రాస్తున్నాను. భీమిలి, అంటే భీమునిపట్నం, చిన్న ఊరే, కానీ ఊరందరికీ ఒకటే ప్రమాదం కాదు. ఇసుక అంచున ఉన్నవారికి ఉప్పెన భయం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్నవారికి వరద భయం, కొండవాలున ఉన్నవారికి గాలితో పాటు నానిన మట్టి భయం.

నదీముఖం దగ్గరివారు సముద్రాన్ని మాత్రమే చూస్తే చాలదు. ఎగువన తాటిపూడి జలాశయం గేట్లు ఎత్తారేమో కనుక్కోండి. కడలి పొంగి ఉన్నప్పుడు నది నీరు బయటికి పోలేక వెనక్కి తన్నుతుంది. వాకిట్లోకి నీళ్లు వచ్చేదాకా ఆగకుండా, పగటి వెలుగు ఉండగానే పిల్లలను, పెద్దవాళ్లను పునరావాస కేంద్రానికి చేర్చండి.

డచ్చివారు, ఆ తర్వాత ఇంగ్లీషువారు ఉండి వెళ్లిన ఊరు కనుక పాత సున్నపు గోడలు ఇక్కడ చాలా ఉన్నాయి. చూడటానికి లావుగా, గట్టిగా కనిపిస్తాయి. ఇటుకల సందుల్లో గోరుతో గీకి చూడండి. సున్నం పిండిలా రాలిందంటే, వానకు నానాక ఆ గోడను నమ్మడానికి లేదు. దాని పక్కన పడుకోవద్దు, పశువులను కట్టవద్దు. పెంకుటింటి వారు జారిన పెంకులు ఇప్పుడే సర్దించుకోండి. గాలికి లేచిన పెంకు కత్తితో సమానం. కొబ్బరిచెట్టుకు ఎండు మట్టలు, కాయలు దింపించండి.

విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం మాట వినండి, ఫోనులో తిరిగే పుకార్లు కాదు. సాధారణంగా 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు మరొకటి వస్తాయి. మొదటిది రాగానే పడవలు పైకి లాగి, వలలు, ఇంజన్లు ఇంటికి చేర్చండి. తాగునీళ్లు, మందులు, టార్చిలైటు, ఛార్జి చేసిన ఫోను దగ్గర ఉంచుకోండి. హుద్‌హుద్ తర్వాత చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. గాలి హోరు ఉన్నట్టుండి ఆగిపోయి, ఆకాశం తేటపడితే తుఫాను వెళ్లిపోయిందనుకోవద్దు. అది తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి నెమ్మదించే చోటు కావచ్చు. కొంతసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా గాలి కొడుతుంది. ఆ కాస్త ప్రశాంతతలో అలలు చూడటానికో, పడవ ఎలా ఉందో చూసుకోవడానికో వెళ్లినవారు నడిబీచిలో చిక్కుకుంటారు. హెచ్చరికల కేంద్రం చెప్పేదాకా తలుపు గడియ తీయవద్దు.

తగ్గాక కూడా తెగిపడిన తీగల జోలికి పోకండి. కష్టమొస్తే 112కు ఫోను చేయండి. ఉప్పునీరు చేరిన బావిని తోడించి, క్లోరిన్ వేయించేవరకు ఆ నీళ్లు వంటకూ వాడవద్దు.