మాలగాలో ఒంటరిగా ఒక రోజు: లోకల్ రైలు, సముద్రం, కాల్చిన సార్డిన్లు

దక్షిణ స్పెయిన్‌లోని మాలగా నుంచి ఫుయెన్హిరోలా వరకు సముద్ర తీరం వెంట సీ-1 అనే లోకల్ రైలు నడుస్తుంది. సుమారు 20 నిమిషాలకొకటి ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పావు గంట ప్రయాణం. ఒక బండి తప్పితే ఇంకో బండి ఉంది కాబట్టి ఈ రోజుకి టైమ్ టేబుల్ అక్కర్లేదు. ఒంటరిగా తిరిగే వాళ్లకు ఇంతకంటే హాయి ఏముంటుంది? పొద్దున గ్రనాడా, సాయంత్రం రోండా అంటూ ఇదే రోజులో ఇరికించకండి. వాటికి వేరే రోజులు కేటాయించండి.

ముందు రోజు రాత్రి

చిన్న సంచి చాలు. తువ్వాలు, సన్‌స్క్రీన్, నీళ్ల సీసా, చిల్లర డబ్బు, మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్. ఈ పౌచ్ మర్చిపోవద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈత కొడుతుంటే సామాను చూసేవాళ్లు ఉండరు. ఫోను, కార్డు, గది తాళం మీతోనే నీళ్లలోకి రావాలి. పాస్‌పోర్ట్ అసలును గదిలోనే భద్రపరచి కాపీ తెచ్చుకోండి.

పొద్దున: కాఫీ, మార్కెట్

మాలగాలో కాఫీ అడగడానికి ప్రత్యేకమైన మాటలున్నాయి. కాఫీ, పాలు సమానంగా కావాలంటే 'మితాద్' అనాలి, అంటే సగం. పాలు ఎక్కువ, కాఫీ తక్కువ అయితే 'సోంబ్రా', అంటే నీడ. పాలల్లో కాస్తంత కాఫీ చుక్క పడితే 'నూబే', అంటే మేఘం. ఫిల్టర్ కాఫీ అలవాటున్న మనకు మితాద్ బాగా కుదురుతుంది. పక్కన తెహెరింగోస్ తీసుకోండి. నూనెలో వేయించిన పిండి వంట చురోస్‌కి ఇక్కడి పేరు అది. వేడిగా ఉన్నప్పుడే తినాలి.

అక్కణ్నుంచి అతరసానాస్ మార్కెట్‌కి నడవండి. అతరసానాస్ అంటే ఓడలు కట్టే చోటు. 14వ శతాబ్దంలో ముస్లిం రాజుల కాలంలో ఇక్కడ ఓడల కార్ఖానా ఉండేది, సముద్రం గోడ దాకా వచ్చేది. ఆనాటి పాలరాతి ద్వారం ఇప్పటికీ మార్కెట్ ముఖద్వారంగా నిలబడి ఉంది. లోపల ఆలివ్‌లు, బాదం, పళ్లు కొద్దికొద్దిగా కొనుక్కోండి. ఆదివారం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో మధ్యాహ్నానికే సర్దేస్తారు. అందుకే ముందు ఇక్కడికి రమ్మంటున్నాను.

రైలు ఎక్కడం

మాలగా సెంత్రో స్టేషన్ భూమి లోపల ఉంటుంది. మెషీన్‌లో మీరు దిగే స్టేషన్ పేరు ఎంచుకుంటే టికెట్ వస్తుంది. దిగేచోట గేటు తెరుచుకోవడానికి అదే టికెట్ కావాలి, పారేయకండి. బోర్డు మీద ఫుయెన్హిరోలా అని ఉందో లేదో చూసుకుని ఎక్కండి. ఇదే స్టేషన్ నుంచి సీ-2 లోపలి ఊళ్ల వైపు, ఆలోరాకి వెళ్తుంది.

ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం ఆ వైపే. చాలా దూరం ఒకే పట్టాల లైన్ కాబట్టి, ఎదురు బండి దాటేదాకా రైలు అక్కడక్కడ ఆగుతుంది. కంగారు పడనక్కర్లేదు.

దిగేది కర్వహాల్‌లో. స్టేషన్ నుంచి రెండు మూడు నిమిషాలు నడిస్తే ఇసుక వస్తుంది.

సముద్రం, తర్వాత భోజనం

ముందు జెండా చూడండి. ఆకుపచ్చ అయితే దిగొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే ఈత నిషేధం. జిబ్రాల్టర్ జలసంధి దగ్గరే కావడం వల్ల అట్లాంటిక్ చల్లటి నీళ్లు ఇటు వస్తాయి. ఎండ మండిపోతున్నా నీళ్లు చల్లగా తగులుతాయి, మెల్లగా దిగండి.

భోజనానికి ఇక్కడి గడియారం పాటించక తప్పదు. మధ్యాహ్నం 2 నుంచి 4 లోపు తినాలి. మొదటిసారి ఈతలో టైమ్ చూసుకోకుండా 4:45కి వెళ్తే ఒక చోట వంటిల్లు మూసేశారు. చిప్స్‌తో సరిపెట్టుకున్న ఆ సాయంత్రం నాకింకా గుర్తుంది.

ఒడ్డున ఉండే పాకల్లాంటి హోటళ్లను చిరింగీతో అంటారు. వాటి ముందు ఇసుక నింపిన పాత పడవ, అందులో కట్టెల నిప్పు కనిపిస్తాయి. సార్డిన్‌లను రెల్లు పుల్లకి వరసగా గుచ్చి, నిప్పు పక్కన ఇసుకలో నిలబెట్టి కాలుస్తారు. దాని పేరు ఎస్పేతో. రాళ్ల ఉప్పు, నిమ్మకాయ, అంతే! ఇవి మన కోస్తా కవళ్ల జాతి చేపలే, కానీ పులుసు, కారం లేకుండా చేప రుచి ఇలా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు. ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తినండి, ఇక్కడి పద్ధతీ అదే. మే నుంచి ఆగస్టు దాకా చేపలు కొవ్వు పట్టి మరీ బాగుంటాయి. ఒక పుల్లకి సాధారణంగా ఆరు వరకు ఉంటాయి కాబట్టి ఒక్కరికి సరిపోతుంది.

శాకాహారులు 'బెరెన్హేనాస్ కోన్ మియేల్ దే కాన్యా' అడగండి. వంకాయ ముక్కల్ని వేయించి పైన చెరకు పాకం పోస్తారు. ఆ పాకంలో మన బెల్లం వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. బాదం, వెల్లుల్లితో చేసే చల్లటి సూప్ అహోబ్లాంకో కూడా మంచిదే. ఆర్డర్ ఇచ్చేటప్పుడు 'సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్' అనండి. మాంసం, చేప, పంది తొడ మాంసం వద్దని అర్థం. మాంసం వద్దంటే హమోన్ కూడా వద్దనే అర్థం చేసుకుంటారని అనుకోవద్దు, విడిగా చెప్పాలి. చేపలు వేయించిన నూనె పనికిరాదనుకునేవాళ్లు ఆ మాట కూడా అడిగి తెలుసుకోవాలి.

సాయంత్రం నడక, తిరుగు ప్రయాణం

ఎండ తగ్గాక ఒడ్డు వెంట ఫుయెన్హిరోలా వైపు నడవండి. దారిలో తోరెబ్లాంకా, లోస్ బోలిచెస్ స్టేషన్లు వస్తాయి. కాళ్లు నొప్పి పుట్టిన చోట పక్కకి తిరిగి రైలెక్కేయొచ్చు. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది, చీకటి పడుతుందన్న భయం లేదు. చివరి బండి టైమ్ మాత్రం స్టేషన్ బోర్డు మీద ముందే చూసి పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు కుడి వైపు కూర్చోండి.