స్ఫటికంలో ధ్వనితో కాంతిని మళ్లించడం: బ్రాగ్ కోణాన్ని సరిచేసుకునే పద్ధతి

పారదర్శక ఘనపదార్థంలోకి అతిధ్వని తరంగాన్ని పంపితే, దాని దారిలో పదార్థం ఒకచోట నొక్కుకుపోతూ మరొకచోట సడలుతూ ఉంటుంది. వక్రీభవన గుణకం కూడా అదే వరుసలో రవ్వంత హెచ్చుతగ్గులకు లోనవడంతో, కాంతికి అది కదిలే గ్రేటింగ్‌గా, అంటే కాంతిని వేర్వేరు దిశల్లోకి మళ్లించే సన్నని చారల వరుసగా మారుతుంది. కాంతి ఇలా మళ్లడమే వివర్తనం. 1922లో భౌతికశాస్త్రవేత్త బ్రిల్లోయిన్ సిద్ధాంతపరంగా చెప్పిన ఈ వివర్తనం 1932లో ప్రయోగాల్లో కనిపించింది. పలు దిశల్లో చీలే కాంతి తీవ్రతలను 1935-36లో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ వివరించారు.

ఈ సూత్రంతో పనిచేసే పరికరాన్ని ముట్టుకునే ముందే బ్రాగ్ కోణాన్ని, అంటే మళ్లే కాంతి గరిష్ఠంగా ఉండేలా స్ఫటికాన్ని లంబ స్థితి నుంచి వంచాల్సిన కోణాన్ని, లెక్కకట్టుకోవాలి. టెల్యూరియం డయాక్సైడ్ స్ఫటికంలో అనుదైర్ఘ్య ధ్వని (తాను సాగే దిశలోనే పదార్థాన్ని కదిలించే ధ్వని) వేగం సెకనుకు సుమారు 4,200 మీటర్లు కనుక, 80 మెగాహెర్ట్జ్ వద్ద ధ్వని తరంగదైర్ఘ్యం 52.5 మైక్రోమీటర్లు. 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యాన్ని దానితో భాగిస్తే కాంతి మళ్లే కోణం దాదాపు 12 మిల్లీరేడియన్లు వస్తుంది. అంటే మీటరు దూరంలోని తెరపై నేరుగా వెళ్లిన కాంతి చుక్కకు, మళ్లిన కాంతి చుక్కకు మధ్య ఎడం 12 మిల్లీమీటర్లు. బ్రాగ్ కోణం అందులో సగం, డిగ్రీలో మూడో వంతుకు కాస్త ఎక్కువ.

లేజర్‌కు తగిన రక్షణ కళ్లద్దాలు ధరించి, డ్రైవర్‌ను (విద్యుత్ సంకేతాన్ని ఇచ్చే పరికరం) ఆన్ చేయకముందే దాని అవుట్‌పుట్‌ను స్ఫటికానికి అతికించిన పీజోఎలక్ట్రిక్ ట్రాన్స్‌డ్యూసర్‌కు (ఆ సంకేతాన్ని ధ్వనిగా మార్చే భాగం) కలపాలి. ఇలా ఏదీ కలపకుండా నడిపితే డ్రైవర్‌లోని యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. లేజర్ పుంజం ధ్వని ప్రయాణించే మార్గం మధ్యగుండా, ఆ మార్గానికి దాదాపు లంబంగా వెళ్లేలా స్ఫటికాన్ని అమర్చి, డ్రైవర్ శక్తిని తక్కువగా ఉంచి మొదలుపెట్టాలి.

అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. లంబ స్థితిలో అసలు చుక్కకు ఇరుపక్కలా మసక చుక్కలు కనిపిస్తాయి; స్ఫటికాన్ని అతి నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒకవైపు చుక్క ప్రకాశిస్తుంది, మరోవైపుది వెలిసిపోతుంది, నడిమి చుక్క కూడా మసకబారుతుంది. ఆ ప్రకాశం గరిష్ఠమైన చోట ఆగి, పుంజం ఎత్తును సవరించి, మళ్లీ కోణాన్ని చూడాలి. ఒకటి మారితే రెండోది కొద్దిగా చెదురుతుంది కాబట్టి ఈ రెండింటినీ మార్చి మార్చి సరిచూడటం తప్పదు.

కోణం కుదిరాకే డ్రైవర్ శక్తిని పెంచాలి. మళ్లే కాంతి వాటా సైన్ వర్గం ప్రకారం మారుతుంది కనుక గరిష్ఠం దాటాక శక్తి పెంచినకొద్దీ చుక్క తిరిగి మసకబారుతుంది. తప్పు కోణాన్ని అదనపు శక్తితో సరిదిద్దాలని చూస్తే స్ఫటికం వేడెక్కడం తప్ప ప్రయోజనం ఉండదు.

కాంతిని వేగంగా ఆన్, ఆఫ్ చేయాలంటే పుంజాన్ని సన్నగా కేంద్రీకరించాలి, ఎందుకంటే 1 మిల్లీమీటరు పుంజాన్ని దాటడానికి ధ్వనికి దాదాపు 0.24 మైక్రోసెకన్లు పడుతుంది. అయితే మరీ సన్నబరిస్తే పుంజం విచ్చుకుని, దానిలో కొంత భాగమే బ్రాగ్ కోణానికి సరిపోతుంది, మళ్లే కాంతి తగ్గుతుంది.