పెరట్లో వంటగట్టు కట్టిస్తున్నారా? ముందు సిలిండర్ సంగతి చూడండి

ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, కిందే పేరుకుంటుంది. అందుకే గట్టు కింద సిలిండర్ అర కట్టిస్తే, నేల మట్టంలోనే జాలీలు పెట్టించండి. పైన ఒక్కటే వదిలితే చాలదు. మా మేస్త్రీ పైనే వదిలాడు, మళ్లీ గోడ కొట్టించాల్సి వచ్చింది. కాబట్టి దగ్గరుండి చెప్పండి. అర పక్కన డ్రైనేజీ గుంత, సంపు మూత అసలు ఉండకూడదు, గ్యాస్ అందులోకి దిగుతుంది.

పొయ్యికి నైరుతి వైపు అడ్డుగోడ ఉంటే వానాకాలం గాలికి మంట అంత తేలిగ్గా ఆరదు. నేలకు పాలిష్ గ్రానైట్ వద్దు, తడిస్తే జారుతుంది. గరుకు తాండూరు బండలు చాలు. గట్టును సింకు వైపు కాస్త వాలుగా వేయిస్తే వాన నీళ్లు నిలవవు.