పిల్లికి షుగర్: ఇన్సులిన్ మాన్పించే దారిలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

పిల్లికి షుగర్ అని డాక్టరు చెప్పగానే అందరూ అడిగే మాట ఒకటే: "ఇక జీవితాంతం ఇంజెక్షనేనా?" కుక్కలకైతే దాదాపు అంతే. పిల్లుల సంగతి వేరు. వాటికి ఎక్కువగా వచ్చేది మనుషుల టైప్ 2 లాంటి షుగర్. కనిపెట్టిన తొలి ఆరు నెలల్లోనే తిండి మార్చి, ఇన్సులిన్ సరిగ్గా ఇచ్చి, రీడింగులు గమనిస్తూ పోతే చాలా పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అన్నిటికీ అలా జరగదు, కానీ ప్రయత్నం మాత్రం ప్రతి పిల్లికీ చేయాలి.

వరస ముఖ్యం. ముందు షుగర్ చూసే మీటరు కొనాలి, తర్వాత తిండి మార్చాలి, ఆఖరున డాక్టరుతో మాట్లాడి డోసు తగ్గించాలి. ఈ వరస తప్పితే మంచి తిండే పిల్లి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇన్సులిన్ ఇస్తున్నా షుగర్ 300 నుంచి దిగడం లేదు

ముందు గిన్నె చూడండి. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పిల్లికి పెట్టేది పాలన్నం, పెరుగన్నం, కాదంటే చేపల పులుసు కలిపిన అన్నం. పిల్లి పూర్తి మాంసాహారి. పిండి పదార్థాన్ని సర్దుకునే శక్తి దాని ఒంటికి చాలా తక్కువ. అన్నం పెడుతూ ఇన్సులిన్ పొడిస్తే ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడినట్టే. పులుసులో ఉల్లిపాయ, వెల్లుల్లి కూడా ఉంటాయి. అవి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి, కాబట్టి పులుసు అసలు వద్దు.

అన్నం మాని ప్యాకెట్లో వచ్చే డ్రై ఫుడ్ పెట్టినా సమస్య పోదు, ఎందుకంటే ఆ గింజలు నిలబడటానికి పిండి కావాలి. ప్యాకెట్ వెనక పిండి పదార్థం ఎంతో చాలాసార్లు రాయరు. మనమే లెక్క వేసుకోవాలి. ప్రోటీన్ 32, కొవ్వు 14, పీచు 4, తేమ 10, బూడిద (అంటే ఖనిజాలు) 8 శాతం అని ఉందనుకోండి. మొత్తం 68. మిగిలిన 32 పిండి పదార్థం. కేలరీల్లో చూస్తే దాదాపు మూడో వంతు అక్కడి నుంచే వస్తుంది. షుగర్ పిల్లికి అది 12 శాతం లోపు ఉండాలి. తడిగా ముద్దలా వచ్చే వెట్ ఫుడ్‌లో సాధారణంగా అంత తక్కువ ఉంటుంది. గ్రేవీ ఉన్నవాటిలో చిక్కదనానికి పిండి కలుపుతారు కాబట్టి ముద్ద రకమే తీసుకోండి.

మైపాడు, కొత్తపట్నం దగ్గరున్నవాళ్ళకి చేప చవకే. ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి పెట్టొచ్చు. పచ్చి చేప వద్దు. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ని నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఉడికించిన చేప, కోడిమాంసం మాత్రమే నెలల తరబడి పెడితే కాల్షియం, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం అందవు. డాక్టరు రాసిచ్చే సప్లిమెంట్లు కలపకుండా దాన్నే పూర్తి భోజనం చేయొద్దు.

తిండి సరిగ్గానే ఉందంటే సిరంజి చూడండి. మన మెడికల్ షాపుల్లో రెండు రకాలు అమ్ముతారు: ఎర్ర మూతది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, నారింజ మూతది మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కి. పిల్లులకి ఎక్కువగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలో ఒక గీత తీస్తే వెళ్ళేది రెండున్నర యూనిట్లు. తిరగేస్తే, 40 రకం ఇన్సులిన్‌ని నారింజ మూత సిరంజిలో తీస్తే సగం కూడా అందదు. షాపతను ఏది చేతికిచ్చినా సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలిశాకే డబ్బులివ్వండి. అర యూనిట్ గీతలున్న సిరంజి దొరికితే అదే మేలు. ఇంట్లో పెద్దవాళ్ళ ఇన్సులిన్ సీసా గానీ షుగర్ మాత్రలు గానీ పిల్లికి వాడొద్దు.

మూడోది ఎండ. రోహిణి కార్తెలో కరెంటు పోయిన ఇంట్లో బయట పెట్టిన సీసా చెడిపోతుంది. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కానీ గడ్డకట్టే అర దగ్గర కాదు.

ఇవన్నీ బాగున్నా దిగకపోతే పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చూపించండి. దురదకో చిగుళ్ళ వాపుకో స్టెరాయిడ్ వాడారా అన్నది తప్పకుండా డాక్టరుకి చెప్పండి. షుగర్ రావడానికి అదే కారణం కావొచ్చు. దాన్ని డాక్టరు చెప్పినట్టు మెల్లగా మాన్పిస్తే కొన్ని పిల్లులకి షుగర్ కూడా పోతుంది.

ఆసుపత్రిలో 350, ఇంట్లో 180

మీటరు తప్పు కాదు, భయం. బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకెళ్ళి, కుక్కల అరుపుల మధ్య కూర్చోబెడితే పిల్లి షుగర్ అమాంతం పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూసి డోసు పెంచకూడదు. గత రెండు వారాల సగటు స్థితి చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష ఉంది. అంతకంటే మంచిది ఇంట్లోనే చూడటం. చెవి అంచుని వేళ్ళ మధ్య కాసేపు వెచ్చబరిచి, వెనక దూది ఆనించి, అంచున చిన్నగా గుచ్చితే చాలు. వెంటనే ఇష్టమైన మాంసం ముక్క పెడితే కొద్ది రోజుల్లో అదే వచ్చి కూర్చుంటుంది. మనుషుల మీటరు పిల్లి రక్తంలో కాస్త తక్కువ చూపిస్తుంది. ఏ మీటరు వాడుతున్నారో డాక్టరుకి చెప్పి, చివరి దాకా అదే వాడండి.

తిండి మార్చిన కొద్ది రోజులకే తూలుతోంది, వణుకుతోంది

నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. పిండి పదార్థం తగ్గగానే ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది, కొన్ని పిల్లుల్లో రోజుల్లోనే. పాత డోసే ఇస్తూ పోతే షుగర్ 60 కిందికి పడిపోతుంది. వింతగా ఆకలి, నీరసం, తూలడం, తర్వాత ఫిట్స్. మింగగలిగితే వెంటనే తిండి పెట్టండి. మింగలేకపోతే తేనె గానీ నీళ్ళతో ముద్ద చేసిన గ్లూకోజు పొడి గానీ చిగుళ్ళకి రుద్దండి. నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోలుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి బయల్దేరండి, షుగర్ మళ్ళీ పడిపోవచ్చు.

ఇది రాకుండా ఉండాలంటే పాత తిండిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. ఆ రోజుల్లో ప్రతి ఇంజెక్షన్‌కి ముందు రీడింగు చూడాలి. ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య కూడా ఒకసారి చూడాలి, చాలా పిల్లుల్లో షుగర్ అప్పుడే బాగా దిగుతుంది. ఇంజెక్షన్‌కి ముందే 150 లోపు ఉంటే పొడవకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

కొత్త తిండి ముట్టడం లేదు

గోరువెచ్చగా చేసి, వాసన వచ్చేలా పెట్టండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మాడ్చకండి. ఒక రోజంతా తినకపోతే పిల్లి లివర్‌కే ప్రమాదం, బరువెక్కిన పిల్లికి మరీను. పాత తిండే పెట్టి, మార్పు ఇంకా నిదానంగా చేయండి. తినని పూట పూర్తి డోసు ఇవ్వొద్దు, డాక్టరుని అడగండి.

వాంతులు, మబ్బుగా పడుకోవడం, నోటి నుంచి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన

ఇది కీటోన్ల పని. ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వుని కరిగించుకున్నప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలే కీటోన్లు. దీనికి ఇంటి వైద్యం లేదు, అర్ధరాత్రయినా కదలాలి. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు మెడికల్ షాపులో దొరుకుతాయి, ఇంట్లో ఉంచుకోండి. ఊళ్ళో పిల్లుల షుగర్ చూసే డాక్టరు లేకపోతే నెల్లూరు వైపు వాళ్ళకి తిరుపతి పశువైద్య కళాశాల గానీ చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల గానీ, ఒంగోలు వైపు వాళ్ళకి గన్నవరం కళాశాల గానీ దారి. ఏది దగ్గరో, రాత్రిపూట ఎవరుంటారో ముందే కనుక్కుని పెట్టుకోండి.

రీడింగులు బాగున్నాయి, ఎప్పుడు ఆపాలి?

ఒక్కసారిగా ఆపరు. రీడింగులు వరసగా తగ్గుతూ వస్తే డాక్టరు పావు, అర యూనిట్ చొప్పున దించుతూ పోతారు. రోజుకి రెండుసార్లు ఇచ్చేది ఒకసారికి తెచ్చి, అప్పుడు ఆపి చూస్తారు. రెండు రోజులు మంచి అంకెలు వచ్చాయని మనంతట మనం ఆపేస్తే షుగర్ మళ్ళీ ఎగబాకి, బాగయ్యే అవకాశమే చేజారవచ్చు. ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాలు మామూలు రీడింగులు నిలిస్తేనే షుగర్ నెమ్మదించిందని లెక్క.

ఆపిన కొన్ని నెలలకి మళ్ళీ నీళ్ళు ఎక్కువ తాగుతోంది

కొన్ని పిల్లులకి షుగర్ తిరిగొస్తుంది. ఇంట్లో ఎవరైనా మళ్ళీ పాలన్నం మొదలుపెట్టారా, వేరే డాక్టరు స్టెరాయిడ్ ఇచ్చారా, బరువు పెరిగిందా అని ముందు చూడండి. ఇన్సులిన్ మానినా వారానికి ఒక రీడింగు మానొద్దు. 200 దాటిన అంకె ఇంట్లోనే రెండోసారీ వస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. డాక్టరు మళ్ళీ ఇన్సులిన్ రాస్తే కొత్త సీసా కొనండి, తెరిచి నెలలు దాటిన పాతది వాడొద్దు.