ఊహాదేశానికి సరిహద్దుకన్నా ముందు గాలి గీయండి

కథకోసమో ఆటకోసమో దేశాన్ని కల్పించేవాళ్లు చాలామంది ముందు సరిహద్దు గీసి, నచ్చినచోట అడవి, మిగిలినచోట ఎడారి పెడతారు. ఆ వరస తిరగెయ్యాలి: అక్షాంశం, గాలి, కొండలు, నదులు, ఆఖరున ఊళ్లు. విశాఖవాళ్లకి బీచ్ నుంచి అరకు దాకా నమూనా కళ్లముందే ఉంది.

గ్రాఫ్ కాగితం మీద సెంటీమీటరుకి 50 కిలోమీటర్లు అనుకోండి. డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు, అంటే 2.2 సెంటీమీటర్లు. భూమిలాంటి గ్రహమైతే భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా వాన. 30 డిగ్రీల దగ్గర పైనుంచి దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది; ఎడారులు ఎక్కువగా అక్కడే. ఉత్తరార్ధగోళంలో 30 లోపు గాలి ఈశాన్యం నుంచి, 30–60 మధ్య పడమటి నుంచి. రుతుపవనాలు కావాలంటే వెచ్చని సముద్రం పక్కన పెద్ద భూభాగం ఉండాలి; ఎండాకాలంలో అది కాగితేనే గాలి దిశ మారుతుంది. చిన్న ద్వీపానికి అంత బలం లేదు.

కొండల్ని గాలికి అడ్డంగా పెడితే ఎదురువాలున వాన, వెనక వర్షచ్ఛాయ, అంటే వాన అందని పొడి నేల. సమాంతరంగా పెడితే మేఘం ఆగదు. రాజస్థాన్ ఎండిపోవడానికి ఆరావళి అలా ఉండడం ఒక కారణం. ఉష్ణోగ్రతని ఎత్తుకి కిలోమీటరుకి 6.5 డిగ్రీలు తగ్గించండి. తీరంలో 34 ఉంటే సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో 28. చలికాలపు రాత్రి మాత్రం ఈ లెక్క పనిచేయదు: చల్లగాలి వాలుల మీంచి జారి లోయలో పేరుకుంటుంది.

ఎక్కువమంది పప్పులో కాలేసేది నదుల దగ్గరే. నదులు కలుస్తాయి, డెల్టాలో తప్ప దాదాపు చీలవు. గోదావరి కూడా ధవళేశ్వరం దాటాకే గౌతమి, వసిష్ఠ అయింది. ఒక సరస్సు నుంచి రెండు నదులు పుట్టించకండి. లోతుగా కోసుకున్న దారే నీళ్లన్నీ లాక్కుంటుంది. శిఖరాల వెంట చుక్కల గీత గీసి నీటిని రెండువైపులా పంచండి. అనంతగిరి కొండల గోస్తని తిన్నగా దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ మాత్రం సముద్రం అంత దగ్గరున్నా వెన్ను తిప్పి, సీలేరై, శబరిలో పడి, గోదావరితో చుట్టూ తిరిగి వస్తుంది. ఇలాంటి వంకర ఒక్కటున్నా పటానికి ప్రాణం వస్తుంది.

రేవుని నున్నటి తీరం మీద పెట్టకండి. విశాఖ రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండ అలల్ని కాయాలి. అయినా ఇసుక ఊరుకోదు: ఇక్కడ ఏడాదిలో ఎక్కువకాలం అది దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, అడ్డుగోడ కడితే ఉత్తరపు బీచ్ కోసుకుపోతుంది. రేవున్న రాజ్యానికి పూడిక తీసే ఖర్చు తప్పదు.

తుపానుకి సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీలైనా ఉండాలి. భూమధ్యరేఖకి 5 డిగ్రీల లోపు అది పుట్టడం అరుదు. బంగాళాఖాతంలో రుతుపవనాలకు ముందూ వెనకా ఎక్కువ. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. మీ దేశంలో పైరు పొట్టమీదుండే నెలా తుపాను నెలా ఒకటేనేమో కథ మొదలెట్టకముందే చూసుకోండి.