మొక్కల పదార్థాలు, రొమ్ము క్యాన్సర్ కణాలు: పరిశోధన చదవడం నేర్చుకుందాం - పాఠం 4: ఐసీ50 అనే అంకె

కిందటి పాఠంలో ఎంసీఎఫ్-7 కణాల గురించి చెప్పుకున్నాం. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్) ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలవి. ఎండీఏ-ఎంబీ-231 అనే మరో రకం రొమ్ము క్యాన్సర్ కణాలకు ఆ రిసెప్టర్ ఉండదు. ఈసారి ఇలాంటి కణాల మీద మొక్కల పదార్థం వేసినప్పుడు వచ్చే అంకెను ఎలా చదవాలో చూద్దాం.

పరిశోధన వ్యాసం తెరవగానే ఐసీ50 ఎక్కడుందో వెతకండి. ఏమీ వేయని కణాలతో పోలిస్తే, బతికున్నవాటిని సగానికి తగ్గించే గాఢత అది. అంకె ఎంత చిన్నదైతే పదార్థం అంత బలమైనది. ఎన్ని గంటలు ఉంచారో కూడా చూడండి. 24 గంటల అంకెను 72 గంటల అంకెతో పోల్చకూడదు.

దీన్ని తరచుగా ఎంటీటీ పరీక్షతో కొలుస్తారు. బతికున్న కణాలు పసుపు రంగు పదార్థాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. రంగు తగ్గిందంటే కణాలు చచ్చిపోయాయనే కాదు, పెరగడం మానేసి కూడా ఉండొచ్చు. 'చంపింది' అని రాసినవాళ్లు ఇంకో పరీక్ష కూడా చూపించాలి.

ఇక అసలు లెక్క. పసుపులోని కర్కుమిన్ ఐసీ50 ఒక వ్యాసంలో 20 మైక్రోమోలార్ (లీటరుకు 20 మైక్రోమోల్‌లు) అని ఉందనుకోండి. దాని అణుభారం 368. రెండూ గుణిస్తే లీటరుకు 7,360 మైక్రోగ్రాములు, అంటే సుమారు 7.4 మిల్లీగ్రాములు. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 2001లో వెలువడిన ఒక క్లినికల్ పరీక్షలో, రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ మింగినవాళ్ల రక్తంలో గరిష్ఠ స్థాయి సగటున 1.77 మైక్రోమోలార్ మాత్రమే. మనకు కావలసినదాంట్లో పదకొండో వంతు కూడా లేదు! పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు, పీల్చుకున్న కాస్తనీ కాలేయం త్వరగా మార్చేస్తుంది.

పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ కూడా మొక్క పదార్థమే. అది నానోమోలార్ స్థాయిలోనే, అంటే మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు లెక్కలోనే పనిచేస్తుంది. పైగా నరంలోకి ఎక్కిస్తారు కాబట్టి పేగుల అడ్డు లేదు. రొమ్ము క్యాన్సర్‌కు అమెరికాలో 1994లో అనుమతి వచ్చింది.

ఈ లెక్క చేయమని ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. ల్యాబ్ ప్లేటులో వచ్చిన అంకెను నమ్మి చికిత్స వాయిదా వేసుకుంటే, ఈలోగా గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

గాఢతను బట్టి కణాల పెరుగుదలను చూపే గ్రాఫులో ఎడమ చివర, అంటే తక్కువ గాఢతల వైపు, కూడా వదలొద్దు. సోయాలోని జెనిస్టీన్ ఎక్కువ గాఢతలో ఎంసీఎఫ్-7 కణాల పెరుగుదలను ఆపుతుంది, తక్కువ గాఢతలో పెంచుతుంది. ఐసీ50 ఒక్కటే చూస్తే ఈ సంగతి కనిపించదు.

అభ్యాసం: ఒక పదార్థం ఐసీ50 ఎంసీఎఫ్-7లో 30, క్యాన్సర్ కాని రొమ్ము కణాలు ఎంసీఎఫ్-10ఏలో 36 మైక్రోమోలార్ అనుకోండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. వచ్చిన అంకెను బట్టి ఆ పదార్థం ఏ కణాలకు హాని చేస్తుందో ఒక వాక్యం రాసి పెట్టుకోండి. పాఠం 5 ఆ వాక్యంతోనే మొదలుపెడదాం.